మోషన్స్ లెక్క కాదు, ఒంట్లో నీటి లెక్క

తెలంగాణలో బాగా కోపమొస్తే పెద్దవాళ్లు తిట్టే తిట్టు ఒకటుంది: 'గత్తర్ల గొట్కపోను'. గత్తర అంటే కలరా. పొద్దున పొలానికి వెళ్లిన మనిషి వాంతులు, విరేచనాలతో సోలిపోయి మర్నాటికి లేకుండా పోవడం కళ్లారా చూసిన జనం నోట పుట్టిన మాట అది. హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో దాన్నే హైజా అంటారు. ఆషాఢంలో నగరమంతా ఎత్తే బోనాల వెనక కూడా ఇలాంటి భయమే ఉందని చెప్పుకుంటారు. 1813లో జంటనగరాల్లో మహమ్మారి ప్రబలిందని, అప్పుడు ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనికులు మహంకాళికి మొక్కుకున్నారని, తిరిగొచ్చాక సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలుపుకున్నారని కథ. తొలకరి వానలు పడే నెల, బోనాల నెల, కడుపు జబ్బుల నెల ఒకటే కావడం యాదృచ్ఛికం అనిపించదు.

ఇప్పుడు గత్తర అనే మాట నగరంలో పెద్దగా వినపడదు. 'లూజ్ మోషన్స్' అంటారు, 'ఫుడ్ పాయిజన్' అంటారు, డాక్టర్ చీటీ మీద 'అక్యూట్ గ్యాస్ట్రోఎంటరైటిస్' అని ఉంటుంది. జీర్ణాశయం, పేగుల లోపలి పొరకు సూక్ష్మజీవులు గానీ వాటి విషాలు గానీ సోకి వాపు రావడమే ఈ జబ్బు. 24 గంటల్లో మూడుసార్లు, అంతకు మించి నీళ్లలా అయితే వైద్యులు అతిసారం కింద లెక్కవేస్తారు. చాలామందికి మూడు నాలుగు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ ప్రపంచంలో అయిదేళ్ల లోపు పిల్లలు ఏటా సుమారు 4,40,000 మంది అతిసారంతోనే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇంట్లో ఎవరికైనా మొదలవగానే చుట్టూ ఉన్నవాళ్లు రెండు ప్రశ్నలు అడుగుతారు. 'రాత్రి ఏం తిన్నావ్?' 'ఎన్నిసార్లు అయ్యాయి?' రెండూ సహజమైనవే. కానీ ప్రాణానికి సంబంధించిన ప్రశ్న మూడోది, అది ఎవరూ అడగరు: 'మూత్రం చివరిసారి ఎప్పుడు వచ్చింది?' ఎనిమిదిసార్లు విరేచనం అయినా, తాగుతూ మూత్రం పోస్తూ ఉన్న మనిషికి గండం తక్కువ. నాలుగుసార్లే అయినా, పొద్దున్నుంచి మూత్రం రాని పసిబిడ్డ ప్రమాదంలో ఉన్నట్టు. ఈ తేడా తెలియకపోవడం వల్లే కాపాడుకోగలిగిన ప్రాణాలు పోతున్నాయి.

పేగులో జరిగేది

మనం రోజుకు తాగేది, తినేదాంట్లో ఉండేది కలిపి దాదాపు రెండు లీటర్ల నీరు. పేగులోకి చేరేది మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం అన్నీ కలిసి ఇంకో ఏడు లీటర్ల దాకా తోడవుతాయి. ఈ తొమ్మిది లీటర్లలో దాదాపు అంతా పేగు గోడలు మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటాయి. మలంతో బయటికి పోయేది ఒక చిన్న గ్లాసుడు. ఇంత పెద్ద రాకపోకలో కాస్త తేడా వచ్చినా లీటర్లకు లీటర్లు బయటికి పోతాయని దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఆ తేడా రకరకాలుగా వస్తుంది. రోటా వైరస్ పేగు లోపల వేళ్లలా లేచి ఉండే నూగు కణాలను దెబ్బతీస్తుంది, దాంతో నీటిని పీల్చుకునే పని కుంటుపడుతుంది. కలరా క్రిమి పేగును కొరకదు, చింపదు. అది వదిలే విషం పేగు కణాలను తెరిచిన కుళాయిల్లా మార్చేస్తుంది. తీవ్రమైన కలరాలో గంటకు లీటరు దాకా నీరు పోవచ్చు, అదీ బియ్యం కడిగిన నీళ్లలా. షిగెల్లా లాంటి బాక్టీరియా పేగు గోడలోకే చొరబడి పుండ్లు చేస్తుంది. అప్పుడు విరేచనం కొంచెం కొంచెంగా, రక్తంతో, జిగటతో, మెలిపెట్టే నొప్పితో వస్తుంది. నీళ్ల విరేచనాలు వేరు, రక్తం జిగట పడే విరేచనాలు వేరు. వైద్యం కూడా అక్కడే విడిపోతుంది.

పైపు గుండా వచ్చే జబ్బు

హైదరాబాద్‌లో ఈ జబ్బు గురించి మాట్లాడితే భోలక్‌పూర్‌ను తలచుకోక తప్పదు. ముషీరాబాద్ పక్కన ఇరుకు గల్లీలు, తోలు గోదాములు, పాత ఇనుప సామాన్ల దుకాణాలు ఉన్న బస్తీ. 2009 మే నెలలో అక్కడ కుళాయి నీళ్లలో మురుగు కలిసింది. ఆ నీళ్లు తాగి వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. నగరం నడిబొడ్డున, ఇరవై ఒకటో శతాబ్దంలో, కలరా అనే మాట మళ్లీ వార్తల్లోకి వచ్చింది. వాళ్లు బయటి తిండి తిని పడిపోయినవాళ్లు కాదు. ఇంట్లో కుళాయి తిప్పి బిందె పట్టుకున్నవాళ్లు.

అలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే జాగ్రత్త ఎక్కడ పడాలో తెలుస్తుంది. నగరానికి మంజీరా, సింగూరు, కృష్ణా, గోదావరి నీళ్లు శుద్ధి అయ్యే వస్తాయి. జనం ఇప్పటికీ కుళాయి నీళ్లను 'మంజీరా నీళ్లు' అనే అంటారు. తేడా వచ్చేది దారిలో. చాలా బస్తీల్లో మంచినీటి పైపు, డ్రైనేజీ పైపు పక్కపక్కనే పోతుంటాయి. నీళ్లు చాలాచోట్ల రోజు విడిచి రోజు, అదీ కొద్ది గంటలే వస్తాయి. నీళ్లు వస్తున్నంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉంటే నీరు బయటికి కారుతుంది, మురుగు లోపలికి రాదు. సరఫరా ఆగగానే ఆ ఒత్తిడి పోయి పైపు ఖాళీ అవుతుంది. అదే చిల్లు గుండా చుట్టూ మట్టిలో నిలిచిన మురుగును లోపలికి పీలుస్తుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలో వచ్చేది అదే. లైన్‌కు నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లున్న గల్లీలో ఈ పీల్చుడు ఇంకా ఎక్కువ. వానాకాలంలో మ్యాన్‌హోళ్లు పొంగి, పైపుల చుట్టూ మురుగే నిలుస్తుంది.

అందుకే నీళ్లు వచ్చిన మొదటి కొన్ని నిమిషాలు వదిలేయడం, రంగు మారినా వాసన వచ్చినా వాటిని సంపులోకి పోనివ్వకపోవడం చాలా ముఖ్యం. అపార్ట్‌మెంట్లలో ఇది ఇంకో రకం సమస్య. సంపు ఒకసారి చెడితే పైనున్న ఓవర్‌హెడ్ ట్యాంక్, దాని కింద ఇళ్లన్నీ చెడినట్టే. సంపు మూత నేలకు సమానంగా ఉంటే వాననీరు, పార్కింగ్ కడిగిన నీరు అందులోకే పోతాయి. సంపును ఆఖరుసారి ఎప్పుడు కడిగారో వాచ్‌మన్‌కి తప్ప ఎవరికీ తెలియని భవనాలు ఎన్నో. మూత చుట్టూ రెండు వరుసల ఇటుక కట్టించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కుళాయి చివర నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. కుళాయి నీళ్లలో కాస్త మందు వాసన వస్తే చాలామంది చిరాకు పడతారు. నిజానికి ఆ వాసన మంచి సూచన. నిన్నటిదాకా ఉన్న ఆ వాసన ఇవాళ పూర్తిగా పోయి, నీళ్లు మసకగా వస్తే అనుమానించాలి. కలుషిత నీళ్ల ఫిర్యాదుకు నగర నీటి సరఫరా సంస్థ జలమండలి నంబర్ 155313. నీటి పరీక్షలకు నారాయణగూడలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. ఒకే గల్లీలో, ఒకే లైన్ మీద రెండు మూడు ఇళ్లలో ఒకేసారి మోషన్స్ మొదలైతే అది ఒకరి కడుపు సమస్య కాదు. ఆ రోజే ఫోన్ చేయాలి, ఆ నీళ్లు తాగడం ఆపాలి, పక్కింటివాళ్లకూ చెప్పాలి. ఆ మురుగులోనే కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ, హెపటైటిస్-ఈ వైరస్‌లు, టైఫాయిడ్ క్రిమి కూడా వస్తాయి. అవి బయటపడడానికి వారాలు పట్టవచ్చు.

నీళ్లు తెర్లి, బుడగలు ఎగసేలా ఒక నిమిషం మరిగితే క్రిములు చస్తాయి. క్రిప్టోస్పోరిడియం లాంటి కొన్ని పరాన్నజీవులు క్లోరిన్‌కు లొంగవు గానీ మరగబెడితే అవీ చస్తాయి. కాచి చల్లార్చిన నీళ్లలో చెంబు ముంచి, ఆ చెంబును గట్టు మీద పెట్టి, మళ్లీ ముంచితే కాచిన గ్యాస్ వృథా. మూతి సన్నగా ఉన్న బిందె గానీ, కుళాయి ఉన్న పాత్ర గానీ మేలు. ఇంట్లో ఆర్‌వో ఫిల్టర్ ఉందన్న ధీమా కూడా చేతులు కడుక్కోని ఇంట్లో పనికిరాదు.

రాత్రి తిన్నదే కారణమా?

ఎప్పుడు మొదలైందన్నదాన్నిబట్టి దోషి ఎవరో కొంత ఊహించవచ్చు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపే వాంతులు తన్నుకొస్తే, ఆహారంలో ముందే తయారై ఉన్న విషం పని అయ్యుండవచ్చు. స్టఫైలోకాకస్ అనే బాక్టీరియా వండినవాళ్ల చేతి పుండ్ల నుంచి, ముక్కు నుంచి తిండిలోకి చేరి విషం వదులుతుంది. బాసిల్లస్ సెరియస్ అనేది అన్నంలో పెరుగుతుంది. దాని బీజాలు ఉడికినా చావవు. రాత్రి మిగిలిన బిర్యానీని గిన్నెలోనే, పొయ్యి గట్టు మీదే తెల్లారేదాకా వదిలేస్తే అవి మొలకెత్తి విషం చేస్తాయి. ఈ రెండు విషాలూ మళ్లీ వేడిచేసినా పోవు. 'బాగా వేడిచేశాం కదా' అనే ధైర్యం ఇక్కడ చెల్లదు. మిగిలితే వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టడమే దారి.

కానీ నోరోవైరస్ బయటపడడానికి 12 నుంచి 48 గంటలు పడుతుంది. సాల్మొనెల్లాకు ఆరు గంటల నుంచి మూడు రోజులు. కాంపైలోబాక్టర్‌కు మామూలుగా రెండు నుంచి అయిదు రోజులు. అంటే బుధవారం కడుపు చెడితే దోషి మంగళవారం రాత్రి తిన్న మండీ కాకపోవచ్చు, ఆదివారం కోసిన కోడి కావచ్చు. పచ్చి మాంసం కోసిన కత్తితోనే, కడగకుండా ఉల్లిపాయ, కీరా కోసి ఉండవచ్చు. రాత్రి తిన్న హోటల్ మీద నింద వేసి ఊరుకుంటే ఇంట్లోని తప్పు అలాగే ఉండిపోతుంది.

వీధి తిండి విషయంలోనూ భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట ఉంటున్నాయి. సలసల కాగే నూనెలోంచి అప్పుడే తీసిన మిర్చి బజ్జీలో క్రిమి బతకదు. పక్కనే పొద్దున్నుంచి గిన్నెలో ఉన్న పల్లీ చట్నీ, నీళ్లు చిలకరించిన ఉల్లిపాయ ముక్కల సంగతి వేరు. ఇరానీ చాయ్ మరుగుతూనే ఉంటుంది, కప్పు ముంచిన బకెట్ నీళ్లే అనుమానం. పానీపూరీలో పూరీ నిర్దోషి. పులుపు నీళ్లు ఏ కుళాయివి, చేయి ఎక్కడెక్కడ పెట్టినది అన్నదే అసలు విషయం. చెరుకురసంలో వేసే ఐసు, కోసిపెట్టిన పుచ్చకాయ ముక్కలు కూడా ఈ కోవలోవే.

2024 అక్టోబరులో బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిన్న పదుల సంఖ్యలో జనం అస్వస్థత పాలయ్యారు, ఒక మహిళ చనిపోయింది. ఆ వెంటనే అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండవచ్చు. ఆ మయోనైజ్ గంటల తరబడి బయట ఉంటే అందులో ఆ క్రిమి విపరీతంగా పెరుగుతుంది. షవర్మా, మండీ, మోమో ఏది తిన్నా పక్కన తెల్లగా గిన్నెడు వచ్చే అలవాటు ఈ నగరానికి కొత్తది. దాన్ని చల్లగా ఉంచాలన్న జాగ్రత్త మాత్రం అంత వేగంగా రాలేదు.

ఇక మనిషి నుంచి మనిషికి సోకేవి. ఇవే బాగా మోసం చేస్తాయి. నోరోవైరస్ కొన్ని పదుల కణాలు నోట్లోకి పోయినా చాలు, షిగెల్లా పది నుంచి వంద క్రిములు చాలు. డయాపర్ మార్చిన చేయి, బాత్రూమ్ తలుపు గడియ, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మ అన్నీ దారులే. సానిటైజర్ రాసుకుంటే నోరోవైరస్ సరిగ్గా పోదు. సబ్బు, పారే నీళ్లు, ఇరవై సెకన్లు చేతులు రుద్దడం తప్పదు.

లంఖణం, సెలైన్, బిళ్లలు

'లంఖణం పరమౌషధం' అన్న సామెత తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉంది. అజీర్తి చేసిన పూట తిండి మానేస్తే హాయిగా ఉంటుందన్నది నిజమే. కానీ అతిసారానికి ఆ సామెత అన్వయిస్తే హాని, పసిపిల్లలకైతే మరీ. దెబ్బతిన్న పేగు పొర మళ్లీ చిగురించడానికి తిండి కావాలి. తినే పిల్లలు త్వరగా కోలుకుంటారు, బరువు తక్కువ కోల్పోతారు. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు. పెద్ద పిల్లలకు, పెద్దవాళ్లకు పెరుగన్నం, ఇడ్లీ, మెత్తటి పప్పన్నం, అరటిపండు, గంజి ఏది సయిస్తే అది కొంచెం కొంచెంగా పెట్టవచ్చు. కారం, నూనె తగ్గిస్తే చాలు. కొందరికి జబ్బు తగ్గాక కొన్నాళ్లు పాలు పడవు, పేగులో పాలచక్కెరను అరిగించే శక్తి తాత్కాలికంగా తగ్గడమే కారణం. పెరుగు మాత్రం చాలామందికి పడుతుంది.

'నీళ్లు తాగితే ఇంకా అవుతాయి, తాగకు' అనే సలహా ఇంకా ఘోరం. తాగినా తాగకపోయినా విరేచనం అవుతూనే ఉంటుంది. తాగకపోతే పోయిన నీరు తిరిగి రాదు, అంతే.

రెండో నమ్మకం సెలైన్. 'ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించండి డాక్టర్, బలం వస్తుంది' అని రోగి అడుగుతాడు, గల్లీ చివరి క్లినిక్‌లో ఎక్కించేస్తారు. తాగగలిగిన మనిషికి సూదితో పని లేదు. తాగలేని స్థితికి, స్పృహ మందగించిన స్థితికి సెలైన్ ప్రాణదాతే. కానీ అప్పుడు ఎక్కించాల్సింది రింగర్స్ లాక్టేట్ లాంటి ఉప్పులున్న ద్రవం, తగినంత మోతాదులో, వేగంగా. వట్టి గ్లూకోజ్ నీళ్లు పోయిన ఉప్పును పూడ్చలేవు.

మూడోది బిళ్లలు. మెడికల్ షాప్‌కి వెళ్లి 'మోషన్స్‌కి ఏదైనా ఇవ్వండి' అంటే ఆఫ్లాక్ససిన్, ఆర్నిడజోల్ కలిపిన బిళ్ల చేతిలో పెట్టడం మామూలైపోయింది. ఎక్కువ కేసులు వైరస్ వల్ల వచ్చేవి, వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా పేగులోని మంచి బాక్టీరియాను చంపి విరేచనాలను పొడిగించవచ్చు, క్రిములను మొండిగా మార్చవచ్చు. రక్తం పడితే, కలరా అనుమానం ఉంటే, జ్వరం బాగా ఎక్కువుంటే, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లయితే యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. ఏది, ఎన్నాళ్లు అన్నది డాక్టర్ తేల్చాలి. విరేచనం ఆపే లోపరమైడ్ చిన్నపిల్లలకు ఇవ్వకూడదు, రక్తం పడుతున్నా జ్వరం ఉన్నా పెద్దవాళ్లూ వేసుకోకూడదు. పేగు కదలిక ఆగిపోతే క్రిమి, విషం లోపలే మిగిలిపోతాయి. వాంతులు ఆగక తాగింది నిలవనప్పుడు డాక్టర్ ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ మోతాదు మాత్రం నిజంగా ఉపయోగపడుతుంది, తాగేదారి తెరుస్తుంది.

పొట్లంలో ఉన్న శాస్త్రం

పేగు కణాల మీద ఒక ప్రత్యేకమైన ద్వారం ఉంటుంది. దాంట్లోంచి సోడియం, గ్లూకోజ్ జంటగా లోపలికి పోతాయి, వాటి వెంటే నీరు పోతుంది. కలరా అంత తీవ్రంగా ఉన్నా ఈ ద్వారం మూసుకోదు. అంటే వట్టి నీళ్లు, వట్టి ఉప్పునీళ్లు చేయలేని పనిని ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో కలిసిన నీళ్లు చేస్తాయి. ఓఆర్‌ఎస్ వెనక ఉన్నదంతా ఇదే. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్ బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడింది, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి రోగుల బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు, ఈ నీళ్లు తాగినవాళ్లలో 4 శాతం లోపుకు పడిపోయాయి. ఆయన 2022లో కన్నుమూశాక, 2023లో దేశం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పాళ్లు లీటరు నీళ్లకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్. పాళ్లు తప్పితే ఫలితమే తప్పుతుంది. చక్కెర ఎక్కువైతే అది పేగులోకే నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. అందుకే కూల్‌డ్రింక్, ప్యాకెట్ జ్యూస్ పనికిరావు.

హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడింది దీని మీదే. మెడికల్ షాపుల్లో, ఆసుపత్రుల పక్కన, ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పెద్దగా వేసుకుని చక్కెర పానీయాలు టెట్రా ప్యాకుల్లో అమ్ముడుపోయేవి. విరేచనాలతో ఉన్న బిడ్డకు తల్లి వాటినే మందు అనుకుని తాగించేది. కోర్టుకు, ఆహార భద్రత సంస్థకు, జనం ముందుకు ఆమె ఆ విషయాన్ని వదలకుండా తీసుకెళ్లింది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, సరైన ఫార్ములా లేని ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఒక్క డాక్టర్ పట్టుదలకు దేశమంతటా ఫలితం దక్కింది, నగరం గర్వపడాల్సిన విషయం ఇది. అయినా కొనేటప్పుడు 'డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా' (ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు) అని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

కలిపేదగ్గర కూడా తప్పులు జరుగుతుంటాయి. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో సగం పొట్లం వేసి 'చిక్కగా' ఇస్తే ఉప్పు ఎక్కువై పసిబిడ్డకు హాని. చిన్న పొట్లాలు 200 మిల్లీలీటర్లకు వస్తాయి, పొట్లం మీద రాసింది చదివే కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల పిల్లలకు 100 నుంచి 200, పెద్దవాళ్లకు తాగగలిగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచా చెంచాగా మొదలుపెట్టాలి. గడగడా తాగిస్తేనే వాంతి అవుతుంది. రెండు నిమిషాలకో చెంచా పోస్తూ గంటసేపు కూర్చునే ఓపికే ఇక్కడ వైద్యం.

పొట్లం దొరకని అర్ధరాత్రి, లీటరు కాచిన నీళ్లలో తలకొట్టిన చిన్న చెంచాలు చక్కెర ఆరు, ఉప్పు అర చెంచా. ఉప్పు వేసిన గంజి, ఉప్పు మజ్జిగ కూడా మంచివే. పిల్లలకు దీంతోపాటు జింక్ బిళ్ల 14 రోజులు ఇస్తే జబ్బు త్వరగా తగ్గుతుంది, ఆ తర్వాత నెలల్లో మళ్లీ రావడం కూడా తగ్గుతుంది. ఆర్నెల్లు దాటినవాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు, లోపువాళ్లకు 10. మోషన్స్ ఆగగానే జింక్ ఆపేయడం అందరూ చేసే పొరపాటు. ఓఆర్‌ఎస్, జింక్ రెండూ బస్తీ దవాఖానాల్లో ఉచితమే.

ఎప్పుడు పరుగెత్తాలి

కళ్లు లోతుకు పోవడం, ఏడిస్తే కన్నీరు రాకపోవడం, నోరు ఎండడం, పసిబిడ్డ మాడు గుంటపడడం, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం ఒంట్లో నీరు తగ్గిందనడానికి గుర్తులు. బిడ్డ విసుగ్గా, దాహంతో ఆత్రంగా తాగుతుంటే ఇంకా సమయం ఉన్నట్టు. ఏడుపు మానేసి, తాగడం మానేసి, మత్తుగా వాలిపోయిందంటే సమయం మించిపోతోంది. 'పాపం పడుకుంది, నిద్రపోనీ' అనుకునే ఆ గంటే చాలా ఖరీదైనది. రక్తం పడినా, పచ్చటి పసరు వాంతి అయినా, కడుపు ఉబ్బి గట్టిపడినా, జ్వరం బాగా ఎక్కువున్నా ఆసుపత్రికే వెళ్లాలి. నల్లకుంటలో జనం ఇప్పటికీ కోరంటి దవాఖాన అని పిలిచే ఫీవర్ ఆసుపత్రి, పిల్లలకైతే నీలోఫర్ ఇలాంటి కేసులు ఏళ్లుగా చూస్తున్న చోట్లు. కదల్లేని స్థితి అయితే 108.

'పళ్లొస్తున్నాయి, అందుకే మోషన్స్' అని ఆరేడు నెలల పిల్లల విషయంలో ఆలస్యం చేస్తుంటారు. పళ్లొచ్చే వయసులో పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, సంబంధం అంతవరకే.

పెద్దవయసు వాళ్ల ప్రమాదం ఇంట్లోవాళ్లకు కనపడదు. వాళ్లకు దాహం తక్కువ తెలుస్తుంది, బాత్రూమ్‌కి లేవలేక నీళ్లు తగ్గించేస్తారు. బీపీ బిళ్లలు, మూత్రం ఎక్కువ పోయించే బిళ్లలు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లకు విరేచనాల్లో కిడ్నీల మీద భారం పడుతుంది. ఆ రెండు రోజులు ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో డాక్టర్‌కి ఫోన్ చేసి అడగడం అవసరం. షుగర్ ఉందని ఓఆర్‌ఎస్ మానేయాల్సిన పని లేదు, అందులోని గ్లూకోజ్ కొద్దిగానే ఉంటుంది.

ఇక రోటా వైరస్ టీకా. దీంట్లో కూడా హైదరాబాద్ పాత్ర ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980లలో ఒక నవజాత శిశువు నుంచి దొరికిన వైరస్ రకంతో, జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ రోటావాక్ తయారుచేసింది. 2015 మార్చిలో విడుదలైంది, 2016లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాలతో రోటా టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి వచ్చింది, తర్వాత దేశమంతటికీ విస్తరించింది. 6, 10, 14 వారాలకు నోట్లో వేసే టీకా. ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. విరేచనాలన్నీ దీంతో ఆగిపోవు, తీవ్రమైన రోటా జబ్బు సగానికి పైగా తగ్గుతుంది. మొదటి మోతాదు ఆలస్యం చేయకుండా పధ్నాలుగో వారానికల్లా మూడూ పూర్తవడం మంచిది.

తగ్గాక కూడా కొన్నాళ్లు క్రిమి మలంలో పోతూనే ఉంటుంది. చివరి విరేచనం, వాంతి ఆగాక కనీసం 48 గంటలు పిల్లల్ని బడికి పంపకూడదు. వంట చేసేవాళ్లు ఆ రెండు రోజులు వంటింటికి దూరంగా ఉండాలి. ఇంట్లో అమ్మకు జబ్బు చేసినా వంట ఆమే చేయాల్సి వస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి, ఇంటిల్లిపాదికీ పాకేది అలాగే. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఒక వంటమనిషి వందమందికి వండుతాడు. కడుపు చెడిందని చెబితే ఆ రోజు కూలి పోతుందన్న భయంతో అతను చెప్పడు. అతనికి ఆ రెండు రోజుల జీతం ఇచ్చి పడుకోబెట్టడం, వందమందిని ఆసుపత్రికి మోయడం కంటే ఎంతో తేలిక.